మేస్త్రిగారు అడిగే కారణం

డెబ్భైల్లో బి.ఏ. కాగానే బెజవాడలో ఒక అచ్చాఫీసులో ఇంగ్లీషు ప్రూఫులు దిద్దే పనికి కుదిరాను. నెల్లాళ్లు చూస్తానన్నారు యజమాని. తప్పు అచ్చులోకి పోతే మళ్లీ ఊరికి, పెళ్లిచూపులకి. అందుకే ఆ ఉద్యోగాన్ని గట్టిగా పట్టుకున్నాను.

కంపోజింగ్ మేస్త్రిగారికి ఇంగ్లీషు రాదు. ఆకారాలు చూసి సీసపు అక్షరాలు పేర్చి, పేజీ చెదరకుండా చుట్టూ దారం కట్టేవారు. అయినా ఏది మార్చమన్నా, "ఎందుకో చెప్పండమ్మా. దారం విప్పితే పేజీ అంతా మళ్లీ కట్టుకోవాలి" అనేవారు. కారణం తెలుగులో, ఆయనకు నచ్చేలా చెప్పాలి. మొదట్లో ఒళ్లు మండేది. తరవాత అదే సరదా అయిపోయింది. ఇంగ్లీషులో ఏకవచనం వాడాలా, బహువచనమా అని తేలాలంటే, కమిటీ అంటే ఒకటా, అందులోని పదిమందా? పాతిక మైళ్లు ఒక దూరమా, పాతిక వేరువేరు మైళ్లా? "మరి పప్పూ అన్నం కలిపేశాక ఒకటా రెండా?" అని ఆయనే ఎదురడిగేవారు. కాలేజీలో ఎవరూ అడగని ప్రశ్నలు. ఇంటికి వెళ్లేదాకా అవే ఆలోచించేదాన్ని.

ఒకరోజు ఉయ్యూరు వైపు చెరకు రైతుల సంఘం నివేదిక వచ్చింది. సభకు 'సెక్రటరీ అండ్ ట్రెజరర్' వచ్చారన్న చోట, ఒక మనిషికి వాడే 'వాజ్' ఉంది. కొట్టేసి, ఇద్దరికి వాడే 'వర్' అని రాశాను. మేస్త్రిగారు మామూలుగానే ఎందుకన్నారు. ఆకలి మీద ఉన్నాను.

"మీకు చెప్పినా అర్థం కాదు. మార్చండి" అన్నాను. మార్చారు.

అచ్చయ్యాక సంఘంవాళ్లు వచ్చి, "మా సెక్రటరీ, ట్రెజరర్ ఒక్కాయనేనండీ! రెండోవారిని ఎక్కణ్ణించి తెచ్చారు?" అని గోల చేశారు. యజమాని మా ఇద్దర్నీ పిలిచి ఎవరి పని అని అడిగారు. ప్రూఫు తెప్పించి చూస్తే నా ఎర్రసిరా కనిపించేది. ఆయన తెప్పించలేదు. మేస్త్రిగారు నా వైపు చూశారు. "ఇంగ్లీషు రానివాడితో ఇదే చిక్కు" అని యజమాని ఆయన్నే తిట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా దిద్దింది నేనని చెప్పలేదు.

బయటికొచ్చాక మేస్త్రిగారు, "ఆ బాబుగారు నాకు తెలుసమ్మా. రెండు పనులూ ఆయనే చూస్తారు. వాళ్లు ఇద్దరు కాబట్టి మారుస్తున్నానని మీరు ఒక్క ముక్క అనుంటే, ఒక్కరేనని నేనే చెప్పేవాణ్ణి" అన్నారు. గొంతులో కోపం లేదు.

నా ఉద్యోగం నిలబడింది. మర్నాడు ఒక పేజీలో నాలుగు దిద్దుబాట్లతో ఆయన దగ్గరికి వెళ్లాను, నాలుగింటికీ కారణాలు తెలుగులో సిద్ధం చేసుకుని. ఆయన కాగితం అందుకుని, ఏమీ అడక్కుండా దారం విప్పారు.