పడని బంతులు పట్టే మనిషి

ఆమెకు బళ్ళో పెట్టిన పేరు నిచ్చెన. ఇంకా గౌన్లు తొడిగే వయసులోనే తండ్రి తలను దాటేసింది. తండ్రి ఇళ్ళకు రంగులు వేసేవాడు. "మనింటికి నిచ్చెన కొనే పని తప్పింది" అని నవ్వేవాడు గాని, కూతురు భుజాలు ముడుచుకుని, మెడ వంచుకుని నడుస్తుంటే ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయేది. తల్లి కుట్టుపని చేసేది. కూతురి గౌన్ల అంచులు విప్పి కిందికి దించడం, పాత మడత గీత కనపడకుండా దాని మీద పట్టీ వేయడం ఆ తల్లికి ఎప్పుడూ తెమలని పని.

ఒంగి నడిచే ఆ పిల్లను నిటారుగా నిలబెట్టింది బడిలోని డ్రిల్లు మాస్టారు. ఒకరోజు ఆమెను బాస్కెట్‌బాల్ రింగు కింద నిలబెట్టి చెయ్యెత్తమన్నాడు. ఎత్తింది. ఆయన కాసేపు ఆ చేతివంక చూసి, "రేపట్నుంచి ఆట బూట్లేసుకుని రా" అన్నాడు. అంతే, ఆమె బతుకు ఆ దారిన పడింది.

బడి జట్టు, కాలేజీ జట్టు దాటి, జీతానికి ఆడే క్లబ్బులో చేరేసరికి ఆమె ఆట ఏమిటో అందరికీ తెలిసిపోయింది. బంతి వేయడం ఆమెకు అంతంత మాత్రం. ఆమె వేసిన బంతి రింగు అంచు మీద కాసేపు ఆలోచించుకుని బయటికే పడేది. కానీ ఇంకొకరు వేసి, గురి తప్పి తిరిగొచ్చిన బంతిని గాల్లోనే అందుకోవడంలో ఆమెకు సాటి లేదు. చేరిన కొత్తలో కోచ్ పిలిచి చెప్పాడు.

"వేసేవాళ్ళు నాకు బోలెడుమంది ఉన్నారు. పడనిదాన్ని పట్టుకొచ్చే మనిషే లేదు. నీ పని అదీ. మిగతాది పట్టించుకోకు."

ఆమె పట్టించుకోలేదు. రింగు కింద తోపులాటలో మోచేతి పోట్లు తిన్నది, పెదవి పగలగొట్టుకుంది. మ్యాచ్ అయ్యాక విలేకరులు ఆమెను పక్కకు జరగమని, వెనకున్న, ఎక్కువ బంతులు వేసిన పిల్లను ప్రశ్నలడిగేవారు. ఆమె జరిగేది. జరిగి, బూట్లు విప్పుకుని, ఐసుముక్కల సంచీ మోకాలికి చుట్టుకునేది.

ఏడాదికోసారి క్లబ్బువాళ్ళు ఆటగాళ్ళను పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళేవారు. రంగుల బంతులు పంచడం, ఫొటోలు దిగడం, వచ్చేయడం. ఆ ఏడు కాలిన గాయాల వార్డుకు వెళ్ళారు. ఎత్తు మనిషి కాబట్టి అలవాటు ప్రకారం ఆమె వెనక వరసలో నిలబడింది. ముందు మంచం మీద ఒక చిన్నపిల్ల. మరిగే నీళ్ళు మీద పడి భుజం, చంక, పక్కటెముకల దాకా కాలాయి. బంతి తల మీదికి ఎత్తి పట్టుకోమన్నాడు ఫొటోగ్రాఫరు. మోచెయ్యి భుజం దాకా వచ్చి ఆగింది.

"ఇంకొంచెం పైకమ్మా."

"వస్తే ఎత్తనా? చెయ్యి నాది, నాకు తెలీదా?" అంది పిల్ల.

వార్డంతా నవ్వింది. ఆ పిల్లకు అక్కడ అప్పటికే లాయరమ్మ అని పేరట.

తిరిగి వెళ్ళేటప్పుడు ఆమె నడవాలో ఆగి, వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టును అడిగింది, ఆ చెయ్యి ఎందుకు లేవడం లేదని.

"కాలినచోట చర్మం మానేకొద్దీ దగ్గరికి ముడుచుకుపోతుంది. రోజూ సాగదీయాలి. లేకపోతే చంక అతుక్కుపోయి ఆ చెయ్యి ఇక లేవదు. సాగదీస్తే ప్రాణం పోతుంది వాళ్ళకి. పొద్దున్నే నన్ను చూడగానే మంచాల కింద దూరతారు."

"గోడకి ఒక చిన్న రింగు పెట్టి బంతి వేయిస్తే?"

ఆవిడ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. "మీలాంటివాళ్ళు ఒకరోజొచ్చి ఆడించి పోతారు. మర్నాడు వాళ్ళు మీకోసం ఎదురుచూస్తారు. ఆ ఏడుపు నాకు మిగుల్తుంది."

"సోమవారాలు మాకు సెలవు. ప్రతి సోమవారం వస్తాను."

"చూద్దాం" అంది ఆవిడ.

ఆమె తండ్రి ఒక చెక్క పలక చేసి, దాని మీద రింగు పైకీ కిందికీ జరిగేలా మేకులు కొట్టిచ్చాడు. తల్లి గుడ్డ పీలికలు కూరి మెత్తటి బంతులు కుట్టింది. మొదటి సోమవారం పిల్లలు ఎగబడి వేశారు. ఆమె మురిసిపోయింది. ఫిజియోథెరపిస్టు మాత్రం పెదవి విరిచింది.

"వాళ్ళు చెయ్యెత్తడం లేదు. నడుం పక్కకి వంచి, కాలిమునివేళ్ళ మీద లేచి వేస్తున్నారు. నొప్పి తప్పించుకోవడంలో పిల్లల్ని మించినోళ్ళు లేరు. గోడకి వీపు ఆనించి స్టూలు మీద కూచోబెట్టండి. అప్పుడు దొంగాట కుదరదు."

అలా కూర్చోబెట్టి, రింగును ఎదుటి గోడకు మార్చారు. ఆట కష్టమైంది, ఏడుపులూ వచ్చాయి. అయినా వారం వారం రింగు కొద్దికొద్దిగా పైకి జరిగింది. లాయరమ్మ మాత్రం ప్రతిసారీ బేరం పెట్టేది. "ఒక మేకు దించు, వేస్తా." "నిన్న నర్సు గట్టిగా లాగింది, ఇవాళ్టికి ఇది చాలు." ఆమె కాసేపు వాదించి ఓడిపోయేది.

ఆ సీజను చివర ఒక ముఖ్యమైన మ్యాచ్ వాన వల్ల సోమవారానికి జరిగింది. హాలు పైకప్పు కారిందని వాయిదా వేశారు. ఆమె ఆసుపత్రికి ఫోను చేసి చెప్పింది. వెళ్ళి ఆడింది. జట్టు గెలిచింది. తర్వాతి సోమవారం వార్డుకు వెళ్తే మిగతా పిల్లలు మామూలుగానే ఉన్నారు. లాయరమ్మ చేతులు కట్టుకుని కూర్చుంది.

"నువ్వు రాలేదు. నేనూ వేయను. చెల్లుకి చెల్లు."

"మ్యాచ్ ఉండిందమ్మా."

"నాకు నొప్పి ఉండింది. నేను వచ్చి కూచున్నా."

ఆమె గుడ్డ బంతి తీసుకుని, నేలమీద కూర్చుని, తనే వేసింది. పడలేదు. మళ్ళీ వేసింది, మళ్ళీ పడలేదు. లాయరమ్మ ఇక పట్టలేక అడిగింది.

"దీనికేనా నీకు జీతమిచ్చేది?"

"దీనిక్కాదు. వేరేవాళ్ళు వేస్తే పడని బంతుల్ని పట్టుకోడానికి."

"అయితే పట్టు."

ఆ పిల్ల బంతి అందుకుని కావాలనే రింగుకు పైగా విసిరింది. ఆమె లేచి అందుకుంది. ఇంకోటి కిటికీవైపు. ఇంకోటి సరిగ్గా పైకప్పు వైపు. అంతెత్తు మనిషిని మంచాల మధ్య పరుగులు పెట్టించడంలో ఆ పిల్లకు తన చెయ్యి సంగతే గుర్తు లేదు. మోచెయ్యి చెవి దాకా లేచింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా నవ్వుతూనే విసిరింది. ఫిజియోథెరపిస్టు తలుపు దగ్గరే నిలబడి ఇదంతా చూసింది. ఆ రోజునుంచి ఆమెను "నువ్వు" అనడం మొదలుపెట్టింది.

క్లబ్బు ప్రచార అధికారికి ఈ సంగతి తెలిసి, పిల్లల చేతుల ఫొటోలు కావాలన్నాడు, అప్పుడు ఇలా, ఇప్పుడు ఇలా అని చూపించడానికి. ఆమె తల్లులను అడిగింది. తల్లులు వద్దన్నారు. ఆమె అదే మాట క్లబ్బుకు చెప్పింది. క్లబ్బు ముఖం మాడ్చుకుంది గాని, సోమవారాల జోలికి రాలేదు.

లాయరమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. చెయ్యి పూర్తిగా నిటారు కాలేదు. జడ మాత్రం తనే వేసుకోగలిగేది.

ఆ తర్వాత కొన్ని సీజన్లకు, బంతికోసం ఎగిరి దిగుతూ ఆమె వేరొకరి పాదం మీద పడింది. మోకాలి లోపల ఏదో తెగిన చప్పుడు ఆమెకు ఒక్కదానికే వినిపించింది. ఆపరేషన్ అయింది. వ్యాయామాలు చేయించడానికి ఫిజియోథెరపిస్టే ఇంటికొచ్చింది. కాలు వంచగానే ఆమె కేక పెట్టింది.

"దూరు, మంచం కింద దూరు. నీకు పట్టే మంచం ఉందేమో చూస్తా" అంది ఆవిడ, కాలు వదలకుండా.

మోకాలు నడకకు పనికొచ్చింది, ఆటకు రాలేదు. చివరి మ్యాచ్‌లో ఆమె బెంచీ మీదే కూర్చుని, అయ్యాక అందరితో చేతులు కలిపి వచ్చేసింది. క్లబ్బు పిల్లల జట్టుకు కోచ్‌గా ఉండమన్నారు. ఒప్పుకుంది, సోమవారాలు మినహా. పాత జట్టువాళ్ళు నలుగురు తోడై చిన్న ట్రస్టు పెట్టారు. తండ్రి పలకలు వేరే ఊళ్ళ ఆసుపత్రుల గోడలకూ ఎక్కాయి. అడిగినచోటల్లా పని సాగలేదు. ఒకచోట నర్సులకు తీరికలేక ఆ పలక బట్టలు తగిలించుకోడానికి మిగిలింది. ఆమె వెళ్ళి చూసి, దాన్ని విప్పుకొచ్చింది.

లాయరమ్మ పెద్దపిల్లయ్యాక మళ్ళీ వార్డుకొచ్చింది. ఒళ్ళు పెరిగింది గాని మచ్చ పెరగలేదు, చర్మం మళ్ళీ లాగుతోంది, ఇంకో ఆపరేషన్ కావాలన్నారు.

"మళ్ళీ ఆ బంతులు వేయాలా?"

"వేయాలి."

"నాకా ఆటంటే ఇష్టం లేదక్కా. ఎప్పుడూ లేదు. నిన్ను పరిగెత్తించడం ఇష్టం, అంతే."

"ఇప్పుడు పరిగెత్తలేను. మోకాలు బాగాలేదు."

"అయితే దగ్గర్లోనే వేస్తాలే" అంది ఆ పిల్ల.

కట్లు విప్పిన తర్వాతి సోమవారం ఇద్దరూ మొదలుపెట్టారు. ఆ పిల్ల వేసినవి దగ్గర్లో పడలేదు.