సూది దిగినా ఏడుపు రాని రోజులు

మిషన్ సూది నా చూపుడువేలి గోట్లోంచి దిగిన రోజు నాకు ఏడుపు రాలేదు. నొప్పి తెలుస్తానే ఉండింది. అయితే అది ఎవరిదో నొప్పి మాదిరి ఉండింది. రక్తం చూసి, నైటీ బట్ట పాడయిందే అని మాత్రం అనుకున్నా.

ఈ అరవ ఊర్లో, మాధవరం పక్క నేను పదహారేళ్లు కుట్టిన ఎక్స్‌పోర్ట్ కంపెనీని ఆర్డర్లు లేవని మూసేసి అప్పటికి ఏడు నెలలు. చింతాద్రిపేటలో మా ఇంట్లోనే పీస్ రేటుకి నైటీలు కుడతా ఉంటిని. నిద్ర పట్టేది కాదు. కూరలో ఉప్పుందో లేదో తెలిసేది కాదు.

ఆసుపత్రిలో వేలికి కట్టు కట్టిన డాక్టరమ్మ నా మొహమే చూస్తా, "నొప్పి లేదామ్మా?" అనింది. "ఉండాది" అన్నా. బీపీ, షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించింది. అన్నీ నార్మల్. సైకియాట్రీ ఓపీకి చీటీ రాసిచ్చింది.

మా ఆయన షేర్ ఆటో తోల్తాడు. చీటీ చూసి, "నీకేం పిచ్చా?" అన్నాడు. మళ్లా తనే తీసుకుపోయినాడు.

ఓపీలో డాక్టర్ అరవంలో చానాసేపు అడిగినాడు. "ఇది డిప్రెషన్ మా. సోమరితనం కాదు. మాత్ర పట్టేదానికి కొన్ని వారాలు కావాల" అన్నాడు.

"నాకు పోయింది ఉద్యోగం సార్. మాత్ర దాన్ని తెస్తాదా?"

"తేదు మా. వెతుక్కునే ఓపిక తెస్తాది."

మొదట్లో నోరెండిపోయేది, పగలంతా మగత. నెల దాటినాక నిద్ర పట్టింది. కానీ రెండు వారాలకొకసారి ఓపీ. ఆడికి పోయిన రోజు కుట్టు లేదు. మూడో నెలలో ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసినా.

ఒకరోజు ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి చదివే మా కూతురు కావ్య వచ్చి, "అమ్మా, బట్టల అంగట్లో సేల్స్‌కి మనుషులు కావాలంట. స్కూల్ మానేసి నేను పోతా" అనింది. దాన్ని చదివించేదానికే నేను అన్నేళ్లు కుట్టింది.

"సరే, పో" అన్నా. కోపం రాలా. బాధా రాలా.

అది నన్నే చూస్తా నిలబడింది. "మాత్ర వేసుకుంటా ఉండావామ్మా?" అని అడిగింది. మరుసటి రోజు అది బడికి లీవు పెట్టి, నన్ను ఓపీకి పిలుచుకుపోయింది.

డాక్టర్ తిట్టలా. "ఎందుకు మానేసినావమ్మా?" అన్నాడు.

"వచ్చిన రోజు కూలి పోతా ఉండాది సార్."

"ముందే చెప్పుంటే నెల మాత్రలు ఒకేసారి రాసిచ్చుందును కదమ్మా." డోస్ పెంచి, అట్నే రాసిచ్చినాడు.

ఏడాదయింది. జార్జి టౌన్‌లో స్కూల్ యూనిఫాంల అంగట్లో కుడతా ఉండా. కావ్య ప్లస్ టూకి వచ్చింది. అంతా బాగైపోయిందని చెప్పను. కొన్ని దినాలు ఇంకా మొద్దుగానే పోతాయి. అయినా లేచి బస్సెక్కుతా.

నా మాదిరి ఉండేవాళ్లకి ఒకటే చెప్తా. ఓపీకి పోతే కూలి పోయేటట్టుంటే ఆ మాట డాక్టర్‌కి చెప్పండి. అది జబ్బు సంగతి కాదనుకుని నేను దాచినా. అదీ జబ్బు సంగతే.