మూడింటి తర్వాతి ఎండ

ఆ నల్ల గుడ్డ కొన్నది నేనే. అమీర్‌పేట మెట్రో దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద ఇరుక్కుపోయినట్టుండే కర్టెన్ల దుకాణంలో కొన్నాను. దుకాణదారు గుడ్డ వెనక ఫోన్ టార్చి వెలిగించి చూపించాడు.

"చూడుర్రి మేడమ్, ఒక్క కిరణం సుత వస్తలేదు. గ్యారంటీ."

కన్ను ఆనించి మరీ చూశాను. నిజంగానే రాలేదు. పంజాగుట్టలో ఉన్న మా ల్యాబ్ పడమటి కిటికీకి సరిపడా కోయించి, మిగిలిన ముక్క కూడా ఇమ్మన్నాను. మా ఇంట్లో హాలుకీ పడగ్గదికీ మధ్య తలుపు పూర్తిగా పడదు. అక్కడ వేలాడదీస్తే పాప మధ్యాహ్నం ఇంకో అరగంట పడుకుంటుందని ఆశ.

అప్పటికి పాపకి ఏడాది దాటి రెండు నెలలు. ప్రసవానికి వదిలేసిన పరిశోధనలోకి నేను తిరిగి వచ్చి కొద్ది వారాలే అయింది.

మా పని ఊదారంగు బ్యాక్టీరియాతో. చెరువు అడుగు బురదలో దొరుకుతాయి అవి. గాలి తగలకుండా, వెలుగు మాత్రం తగిలేలా ఉంచితే వంటింటి మురుగునీళ్లలోని కుళ్లు తిని పెరుగుతాయి. పెరిగినవాటిని వడగట్టి ఎండబెడితే చేపల మేతకు పనికొచ్చే పొడి. పారబోసే నీళ్లలోంచి తిండి తీయడమన్నమాట. వాటిని పెంచే పారదర్శకమైన తొట్టిని ఫోటోబయోరియాక్టర్ అంటారు. అద్దం పలకలా నిలబడే ఆ తొట్టి ఎంత మందం ఉండాలో కట్టకముందే చెప్పగలిగే మోడల్ ఒకటి కంప్యూటర్లో తయారుచేయడం నా వంతు.

మందం గురించే ఎందుకంటే, పలచగా కడితే నీళ్లు పట్టవు. మందంగా కడితే నడిమధ్యకు వెలుగు చేరదు. ఆ చీకట్లో మా బ్యాక్టీరియా పని మానేస్తుంది, వేరే సూక్ష్మజీవులు చేరి అంతా కుళ్లబెడతాయి. కాబట్టి ద్రవంలోకి వెలుగు ఎంత లోతు దిగుతుందో చెప్పే ఒక్క అంకె తెలియాలి. ఆ అంకె కోసమే ల్యాబ్‌లో చిన్న సీసాల్లో బ్యాక్టీరియాను పెంచి, రోజూ కొలిచి, ఎంత వెలుగుకి ఎంత పెరిగిందో చూసి లెక్కగట్టాలి. బయటి వెలుగు చుక్క కూడా పడకూడదు. అందుకే ఆ నల్ల తెర.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఆ బ్యాక్టీరియా ఎక్కువగా వాడుకునేది మనం చూసే వెలుగు కాదు. ఎరుపుకి అవతల ఉండే పరారుణ కాంతి. మా దీపాలు వెలుగుతున్నా ఆరిపోయినట్టే ఉంటాయి. చేరిన మొదటి వారంలోనే మా గైడ్ మేడమ్ చెప్పింది. "నీ కళ్లని నమ్మకు. ఈ పనిలో మనందరం గుడ్డివాళ్లమే."

నోట్సులో రాసుకున్నాను కూడా. ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

పాపను ఎస్.ఆర్. నగర్‌లో ఒక క్రెష్‌లో వదిలేదాన్ని. హాస్టళ్ల మధ్య సందులో, కింది అంతస్తులో రెండు గదులు. మూడున్నరకి తీసుకెళ్లిపోవాలి. నేను మూడుకి పావుగంట ముందే ల్యాబ్‌లోంచి లేచిపోయేదాన్ని. పంజాగుట్ట జంక్షన్‌లో ఆటో ఆగిపోతే పాప గుమ్మం దగ్గర ఒక్కతే కూర్చుని ఏడుస్తున్నట్టు కళ్లకు కట్టేది. ఫోన్ మోగితే పాప గొంతులో ఏదో ఇరుక్కుందని చెప్పడానికే అనుకునేదాన్ని. ఒకసారి క్రెష్ ఆంటీ డైపర్లు అయిపోయాయని ఫోన్ చేస్తే, విషయం వినకుండానే మెట్లు దిగిపోయాను.

"పిల్ల ముందు. నువ్వు పొద్దున తొందరగా రా, చాలు" అంది మేడమ్. ఆమె మంచితనమే అది. పరారుణ కాంతిని కొలిచే సెన్సర్ మా అంతస్తు మొత్తానికి ఒక్కటే. అది కూడా మాకు పొద్దున పూటే ఇచ్చేవారు. రోజూ పదింటికి సీసాల దగ్గర పెట్టి చూసేదాన్ని. రోజూ అదే అంకె. రోజూ అదే రాసుకునేదాన్ని.

ఏడు నెలలు అలా గడిచాయి. ఆ ఏడు నెలల్లో మూడు దాటాక మా ల్యాబ్ ఎలా ఉంటుందో నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఫలితాలు మాత్రం అద్భుతంగా వచ్చాయి. మోడల్ గీసిన గీత మీద నా కొలతలు చుక్కల ముగ్గులా వరసగా కూర్చున్నాయి. వెలుగు మేం అనుకున్నదానికంటే చాలా లోతుకి దిగుతోందని తేలింది. మేడమ్ కంప్యూటర్ ముందుకి వంగి చాలాసేపు చూసింది.

"ఇంత బాగా కలిసిందేంటి? అనుమానంగా ఉందే."

"మీరెప్పుడూ అంతే మేడమ్."

"సరే, సంతోషించు. ఈ ఒక్కరోజే."

ఆ రాత్రి మా ఆయనకి గీత చూపించాను. ఆయన బేగంపేటలో ఒక ఆఫీసులో పనిచేస్తాడు, ఇలాంటివి పట్టవు. "బావుంది. ఏంటిది, షేర్ మార్కెట్టా?" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వి చాలా రోజులైందని అప్పుడు అనిపించింది.

ఆ అంకెను నమ్మి పెద్ద పలక తయారు చేయించాం. నేను మొదట అనుకున్న మందానికి రెట్టింపు. దాన్ని ఎస్.ఆర్. నగర్‌లో అమ్మాయిల హాస్టల్ ఒకదాని డాబా మీద పెట్టాం. వంటింట్లోంచి బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తొలిచిన మొదటి నీళ్లు పట్టి అందులో పోయాలి. నలభై రోజులు ఊదారంగు నిలబడితే, సమీక్షలో ప్రాజెక్టుకి రెండో విడత డబ్బు ఇస్తారు. నిలబడకపోతే మూసేస్తారు. దానితోపాటు నా చోటు కూడా పోతుంది. మధ్యలో రెండేళ్లు ఆపేసి, చంటిపిల్లతో, మూడు కొట్టకముందే పరుగెత్తే మనిషిని ఇంకెవరూ చేర్చుకోరని నాకు తెలుసు. ఎవరూ అనలేదు. అనక్కర్లేదు.

హాస్టల్ నడిపే అక్క గట్టి మనిషి. మెదక్ వైపు నుంచి వచ్చి, ఒంటరిగా ముప్పై గదులు చూసుకుంటుంది. పలకలో మొదటిరోజు రంగు చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఏందమ్మా ఇది, అల్లనేరేడు షర్బత్ లెక్కుంది? మా పిల్లలు తాగుతరేమో, మూత గట్టిగ పెట్టు."

"తాగితే ఏం కాదక్కా, కడుపు కదులుతుందంతే."

"గయితే మా వంట తిన్నట్టే!" అని ఆమే పెద్దగా నవ్వింది.

పదకొండో రోజున రంగు తగ్గింది. పైకి ఊదాగానే ఉంది, పక్కనుంచి చూస్తే మధ్యలో బూడిద రంగు చార. పద్నాలుగో రోజుకి చార నల్లబడింది. కుళ్లిన గుడ్డు వాసన మొదలైంది. బట్టలారేయడానికి వచ్చిన అమ్మాయిలు ముక్కు మూసుకుని దిగిపోతున్నారు.

"గీ కంపేందమ్మా? పిల్లలు బువ్వ తింటలేరు. వాళ్ల అమ్మానాయినలు నాకు ఫోన్లు కొడుతున్రు."

నేను అక్క మాట వినలేదు. నా మోడల్ తప్పు కాదన్న ధైర్యంతో తప్పు ఇంకెక్కడో వెతికాను. వంటింట్లో బ్లీచింగ్ పౌడర్ వాడుతున్నారేమో, అది నీళ్లలో కలిసి బ్యాక్టీరియాను చంపుతోందేమో అనుకున్నాను. అక్కని అడిగితే లేదంది. వంటామెను అడిగితే లేదంది. నమ్మలేదు. రెండోసారి, అక్క ముందే, వంటామెను కొంచెం గట్టిగా అడిగాను. ఆమె నా తల్లి వయసుది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఉండిపోయింది.

"అడిగినవ్ కదమ్మా, లేదన్నది కదా" అంది అక్క. గొంతులో నవ్వు లేదు. "అబద్ధమాడి ఆమెకేమొస్తది?"

నేను నీళ్ల నమూనా సీసాలో పట్టుకుని వచ్చేశాను. పరీక్షిస్తే బ్లీచింగ్ జాడ లేదు. ఆ సంగతి ఫోన్ చేసి చెప్పాలి. చెప్పలేదు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నాం. మా ఆయన హాల్లో సోఫా మీద పడుకుని టీవీ చూస్తున్నాడు. పాప రిమోట్ లాక్కుని పడగ్గదిలోకి పారిపోయి, నల్ల తెర వెనక దాక్కుంది. కింద చిన్న పాదాలు కనిపిస్తున్నాయి. టీవీలో చానల్ మారింది.

"నేను ముట్టుకోలేదే" అన్నాడాయన.

మళ్లీ మారింది. తెర వెనక నవ్వు. మళ్లీ మారింది.

నేను అన్నం గిన్నె కింద పెట్టి నిలబడిపోయాను. రిమోట్‌లోంచి వచ్చేది పరారుణ కాంతే. ఒక్క కిరణం కూడా దాటనివ్వని గుడ్డ దాన్ని హాయిగా దాటనిస్తోంది.

వెళ్లి పాప పక్కన చతికిలబడ్డాను. తెర మా ఇద్దరి మొహాల ముందు ఉంది, కన్ను పొడుచుకున్నా ఏమీ కనిపించని నలుపు. రిమోట్ దానికి ఆనించి నొక్కాను. అవతల చానల్ మారిన చప్పుడు. పాప చప్పట్లు కొట్టింది. "మల్లీ" అంది. మళ్లీ నొక్కాను. "మల్లీ." ఎన్నిసార్లు నొక్కానో తెలియదు. మా ఆయన తెర ఎత్తి చూసి, "ఏంటి, ఏడుస్తున్నావేంటి?" అన్నాడు.

సోమవారం పాపను తీసుకురమ్మని ఆయన్ని అడిగాను. మీటింగ్ ఉందన్నాడు. నా మొహం చూసి సరేనన్నాడు. సెన్సర్ మధ్యాహ్నం పూట ఇమ్మని పక్క ల్యాబ్‌వాళ్లని బతిమాలుకున్నాను. రెండున్నరకి సీసాల దగ్గర పెట్టాను. ఎప్పుడూ చూసే అంకే. మూడుకి ఫ్లైఓవర్ అవతలి భవనం మీదనుంచి ఎండ వాలి మా కిటికీ మీద పడింది. గదిలో నా చెయ్యి నాకు కనిపించడం లేదు. అంకె పెరగడం మొదలైంది. మూడున్నరకి ఇంకా పెరిగింది. అయిదు దాకా అక్కడే కూర్చుని, ఫోన్ వెలుగులో రాసుకున్నాను. మధ్యలో మా ఆయన మెసేజ్ పెట్టాడు, పాప అరటిపండు తింటోందని. గొంతుకి అడ్డం పడకుండా చిన్న ముక్కలు చేయమని రాశాను.

ఏడు నెలలూ నా సీసాలకి నాకు తెలియని ఎండ తగిలింది. దానివల్ల పెరిగిన పెరుగుదలంతా దీపాల వల్లేననుకుంది మోడల్. అంత కొద్ది వెలుగుకి అంత పెరగాలంటే అది చాలా లోతుకి దిగుతూ ఉండాలి కదా అని లెక్కగట్టింది. నేను నమ్మి రెట్టింపు మందం కట్టించాను. హాస్టల్ డాబా మీద, నడి ఎండలో నిలబెట్టిన ఆ పలక మధ్యలో చీకటి.

మేడమ్‌తో చెప్పినప్పుడు ఆమె నేను రాసుకున్న అంకెల కాగితం తన వైపు తిప్పుకుంది.

"అన్ని సీసాలూ మళ్లీ మొదటి నుంచి చేయాలి" అన్నాను.

"ఎన్నాళ్లు?"

"అయిదారు నెలలు."

"సమీక్షకి పన్నెండు రోజులుంది."

నాకూ తెలుసు.

"నేనైనా ఒక్క సాయంత్రం అక్కడ సెన్సర్ పెట్టి చూడాల్సింది. నాకు తట్టలేదు" అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "ఉన్నది ఉన్నట్టు రాయి. ఏ గుడ్డ, ఎక్కడ కొన్నావు, అన్నీ. ఇంకెవరైనా ఇలాగే కట్టుకోకుండా ఉంటారు."

అందుకని మళ్లీ అమీర్‌పేట దుకాణానికి వెళ్లాను, గుడ్డ రకం ఏమిటో కనుక్కోవడానికి. అతను నన్ను గుర్తుపట్టాడు.

"పాలిస్టర్ మేడమ్. మస్తు నల్లగుంటది. ఏమన్న ప్రాబ్లమా?"

"లేదు. బాగానే ఉంది."

"చెప్పిన కదా! ఇంకో పీసు తీస్కపోర్రి."

సమీక్షకి వచ్చినవాళ్లు మర్యాదగానే విన్నారు. ఒకాయన మాత్రం, "మధ్యాహ్నాలు ఎవరూ ఉండేవారు కాదా?" అని అడిగాడు. సమాధానం మేడమ్ చెప్పబోయింది. నేనే చెప్పాను. "ఉండేదాన్ని కాదు సర్." ఆయన రాసుకున్నాడు. రెండో విడత లేదని వారం తర్వాత మెయిల్ వచ్చింది.

నిన్న పలక విప్పడానికి హాస్టల్‌కి వెళ్లాను. కింద పైపు తీసి నల్లటి నీళ్లు వదిలాం. అవి డాబా తూములోంచి దిగి, వంటింటి వెనక, మేం పట్టకపోతే మామూలుగా అవి పోయే కాలవలోనే కలిశాయి. అక్క ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"బ్లీచింగ్ ఏం లేదక్కా. తప్పు నాదే. ఆమెకి చెప్తారా?"

"ఆమె పని మానేసి పోయిందమ్మా. పది రోజులయింది." నా మొహం చూసి, "నీ వల్ల కాదు తియ్యి, బిడ్డ కాన్పుకు పోయింది" అంది. నిజమో, నా కోసం అన్న మాటో తెలియదు. ఫోన్ నంబర్ ఇస్తుందేమో అడగాలనుకున్నాను. అడగలేదు.

నీళ్లన్నీ పోయాక పలక లోపలి గోడలకి ఊదారంగు పలచటి పొర మిగిలింది. వెలుగు బాగా తగిలిన చోట, అద్దానికి ఆనుకుని, అవి చివరిదాకా బతికే ఉన్నాయి. పైపుతో కడిగేశాను.

"అంతేనా ఇగ?" అంది అక్క.

"అంతే అక్కా."

టైం చూసుకున్నాను. రెండూ నలభై అయిదు. ఇప్పుడు వెళ్లాల్సిన తొందరేమీ లేదు, సాయంత్రం దాకా చేయడానికి పని కూడా లేదు. అయినా కాళ్లు వాటంతటవే మెట్లు దిగాయి. మూడు కాకముందే క్రెష్ గుమ్మం ముందున్నాను.