లక్ష్మక్క ఇంట్లో పొగలేని పొయ్యి

ఊళ్లోవాళ్లు చెప్పి మీరు వినేకంటే నేనే చెప్పేస్తాను. మొన్న బేస్తవారం పొగలేని పొయ్యి చూపిస్తానని పిలిచి, ముప్పైమందిని ఒకే గదిలో నిలబెట్టి ఏడిపించాను. వాళ్లలో మా బ్లాకాఫీసరు కూడా ఉన్నాడు. టీ తాగుతూ వినండి.

ఒంటిమిట్ట దగ్గర పల్లెలో నేను గ్రామసేవకుణ్ణని మీకు తెలిసిందే. ఇంకా టెంపరరీనే. ఆఫీసరు వచ్చి నా పని చూసి, బాగుందని రాస్తేనే పర్మనెంటు. ఆయన చూడాల్సిన పని ఈ పొయ్యి. గుట్టల్లో కంప కూడా కరువవుతోందని, ఊళ్లో కట్టెల వాడకం తగ్గించాలని పంచాయతీ బోర్డు తీర్మానం చేసింది. ఒక ఇంట్లో పొయ్యి కట్టి చూపించాలి. ఆడవాళ్లు ఒప్పుకుంటే ఇంటింటికీ మట్టిగొట్టం బోర్డే ఇస్తుంది. పొగంతా ఆ గొట్టంలోంచి మిద్దె పైకి పోతుంది. కట్టె సగం చాలు.

చెప్పడం సులువే. మిద్దెకు కంత పెట్టనిచ్చేవాళ్లు దొరకాలి కదా. మన మిద్దెల సంగతి తెలిసిందే. వెలుతురు కోసం పైన గవాక్షి వదులుతాం, వానొస్తే ఎవరో ఒకరు పరుగెత్తి మూయాలి. "ఉండే కంత మూసేకే సస్తాండాం, ఇంగోటి ఎందుకప్పా?" అన్నారు అందరూ. చివరికి లక్ష్మక్క ఒప్పుకుంది. పొయ్యి పొగకు ఆమె కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. "కట్టు నాయనా, ఈ కండ్లన్నా మిగుల్తాయేమో సూస్తాం" అంది.

నాలుగు రోజులు మట్టి పిసికి కట్టాను. బుధవారం వెలిగిస్తే గదిలో పొగ వాసన కూడా లేదు. లక్ష్మక్క మూడుసార్లు వంగి చూసింది. ఆ పూట నా కాళ్లు భూమ్మీద ఆనలేదు.

బేస్తవారం జీపు వచ్చే వేళకు మబ్బు పట్టింది. రెండు చినుకులు మొహాన పడ్డాయి. మన వైపు చినుకు పడితే మనిషి ఆలోచించడు, నిచ్చెన యాడుందా అని చూస్తాడు. చిన్నప్పుడు గవాక్షి మూయడం మరిచి జొన్నలు తడిపినందుకు మా అమ్మ చేతిలో తిన్న దెబ్బలు నాకింకా గుర్తే. గబగబా మిద్దెక్కి, కనబడిన కంతలన్నీ మూసి దిగాను. వాన రాలేదు. జీపు వచ్చింది.

ఆఫీసరును పొయ్యి ముందు నిలబెట్టి, చుట్టూ ఆడవాళ్లను పిలిచి ఉపన్యాసం మొదలుపెట్టాను. గది కాస్త చీకటిగా అనిపించింది. మబ్బు కదా అనుకున్నాను. "ఈ పొయ్యికి పొగంటే ఏమిటో తెలీదు సార్" అన్నాను. లక్ష్మక్క అగ్గిపుల్ల గీసింది.

పొగ పొయ్యి నోట్లోంచి వచ్చింది. గొట్టం అతుకుల్లోంచి వచ్చింది. కాసేపటికి యాడనుంచి వస్తోందో కూడా కనబడలేదు.

"ఏమయ్యా, ఇదేనా?" అన్నాడు ఆఫీసరు, రుమాలు ముక్కుకు పెట్టుకుని.

"కట్టె పచ్చిది సార్."

"పచ్చిదా? నీ కండ్ల ముందరే కదప్పా ఎండబెట్టినాను" అంది లక్ష్మక్క.

"అయితే గొట్టం చేసిన కుమ్మరి..." అన్నాను. దగ్గొచ్చి మిగతాది చెప్పలేకపోయాను. మంచిదే అయింది, ఆ కుమ్మరి నా వెనకే ఉన్నాడు.

"మా ఇంట్లో పొయ్యే మేలు, ఇంత పొగ లేదు" అని ఎవరో ఏడుస్తూ అన్నారు. నా ఉద్యోగం ఆ పొగతోపాటే తలుపులోంచి పోతున్నట్టనిపించింది. నిజంగా భయపడ్డాను.

లక్ష్మక్క కొంగు మొహానికి చుట్టుకుని బయటికి పోయి నిచ్చెన ఎక్కింది. కాసేపటికి ఆమె గొంతు మిద్దె పైనుంచి వినబడింది.

"గొట్టం మింద కుండ బోర్లించిందెవురప్పా?"

అప్పుడు గుర్తొచ్చింది. గవాక్షి మీద బండ, గొట్టం మీద కుండ, రెండూ నా చేతులతో నేనే పెట్టాను.

"నేనే లక్ష్మక్కా. వానొస్తాదని..."

పైన లక్ష్మక్క తలెత్తి ఆకాశం చూసుంటుంది. "మన కడపలో కుండ బోర్లించేంత వాన యాడిది నాయనా" అంది.

కుండ తీయగానే పొగ దారి పట్టి పైకి పోయింది. కళ్లు తుడుచుకున్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "రోజూ ఇంత పొగ మింగుతాండామా మనము?" అంది ఒకామె. నా ఉపన్యాసానికి కదలనివాళ్లు ఆ మాటకు కదిలారు. అక్కడికక్కడే పదహారుమంది మాకూ కట్టమని పేర్లిచ్చారు.

ఇక నా పని అయిపోయిందని గర్వంగా ఆఫీసరు పక్కన నిలబడ్డాను. ఆయన జీపు బానెట్ మీద పుస్తకం పెట్టి రాస్తున్నాడు. మెడ సాచి చదివాను.

"పొయ్యి చాలా బాగుంది. ఊరంతా కట్టించవచ్చు. పొయ్యి ఎలా పనిచేస్తుందో గ్రామసేవకుడికి మళ్లీ ట్రైనింగ్ ఇప్పించాలి."

అదీ సంగతి. పొయ్యి పర్మనెంటయింది. కట్టిన నేను మాత్రం ఇంకా టెంపరరీనే.