కిరీటం కట్టినాక

పదో తరగతిలో నాటకం పాఠం వస్తే పిల్లలు దాన్ని గైడు చూసి బట్టీ పడతారు. రాజుకు కోపం ఎందుకొచ్చిందో మార్కుల కోసం రాస్తారు కానీ, ఆ కోపం ఎలా ఉంటుందో ఒక్కరూ ఎరగరు. ఏళ్ల తరబడి నేనూ అలాగే చెప్పాను, సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను. ఒక ఏడాది మాత్రం కార్వేటినగరం దగ్గరి మా హైస్కూల్లో బెంచీలన్నీ గోడకు నెట్టించి, దుప్పటిని తెరగా పట్టించి, పాఠాన్ని ఆడించాను.

రాజు వేషం ఒక అమ్మాయికి ఇచ్చాను. హాజరు పలకడానికి కూడా గొంతు పెగలని పిల్ల. వాళ్ల తాత వీధినాటకాల్లో రాజవేషాలు కట్టినవాడు. ఆ పిల్ల పద్యం అందుకుంటే కిటికీ అవతల నడిచేవాళ్లు ఆగిపోయేవాళ్లు.

హెడ్మాస్టరుగారికి ఇది గిట్టలేదు.

"ఆడబిడ్డకి రాజు యేసమేందమ్మా? రేపు తనిఖీకి పెద్దసారు వస్తాండారు. మగపిల్లోడికియ్యి. లేదంటే గైడు తీసి సదివించు," అన్నారు.

"ఆ బిడ్డే కడతాది సార్. కాదంటే పాఠం మీరే సెప్పుకోండి," అన్నాను. తాటాకు చప్పుళ్లకు బెదిరే వయసు నాకు దాటిపోయింది.

తనిఖీ రోజు ఆ పిల్ల తాతగారి కిరీటం తెచ్చింది. అద్దపు ముక్కలు అతికించిన కొయ్య కిరీటం. కళ్లకద్దుకుని కట్టుకుంది. వాళ్ల ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. కిరీటం తలకెక్కాక ఆ మనిషి రాజే. కన్నతండ్రయినా ఎదురుగా కూర్చోడు, సింహాసనం మీద ఇంకెవరూ కూర్చోరు. మా తరగతిలో ఉన్నది ఒకటే కుర్చీ. దాన్నే సింహాసనం చేశాం.

అధికారి హెడ్మాస్టరుగారితో కలిసి లోపలికి వచ్చి, అలవాటు కొద్దీ తిన్నగా ఆ కుర్చీలో కూర్చున్నారు. ఇంకో కుర్చీ తెప్పించాలని నా బుర్రకు తట్టనే లేదు. ఇంతలో పిల్లలు తెరగా పట్టుకున్న దుప్పటిని దించేశారు. ఆ పిల్ల నడిచి వచ్చి ఆయన ముందు ఆగింది. ఇప్పుడు బెదిరిందంటే ఈ పిల్ల జన్మలో మళ్లీ నోరు విప్పదు.

"లెయ్యండి సార్," అంది. గొంతు వణకలేదు. "నేను కిరీటం కట్టుకొనుండా. ఆడ మీరు కూర్సోకూడదు."

క్షమాపణ చెప్పమన్నట్టు హెడ్మాస్టరుగారు నన్ను ఉరిమి చూశారు. నేను తల తిప్పేసుకున్నాను. అధికారి ఆ పిల్లను చూశారు, కిరీటాన్ని చూశారు, లేచారు. ఆమె కూర్చుని పద్యం ఎత్తుకుంది. పీరియడంతా ఆయన గోడకు ఆనుకుని నిలబడే ఉన్నారు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

వెళ్తూ వెళ్తూ రిజిస్టరులో మాత్రం బోధన జరగలేదనీ, నేను సంజాయిషీ ఇవ్వాలనీ రాసిపోయారు. లేవడం వేరు, ఒప్పుకోవడం వేరు.

"తప్పయిందని రెండు ముక్కలు రాసిచ్చెయ్యమ్మా, పోతాది," అన్నారు హెడ్మాస్టరుగారు.

రెండు ముక్కలే రాశాను. పాఠం జరిగింది. తమరు నిలబడి విన్నారు.