ఏమీ కాని కణం

ల్యాబులో నా ఉద్యోగం రక్తపు మూలకణాలను గిన్నెలో పెంచడం. అవి చీలినప్పుడల్లా కొన్ని రక్తకణాలుగా మారాలి, కొన్ని మూలకణాలుగానే మిగలాలి. గిన్నె ఎర్రబడితే మేడమ్ మెచ్చుకుంటారని, మార్పు తెచ్చే మందు కాస్త ధారాళంగా పోశాను. వారం తిరిగేసరికి అన్నీ రక్తకణాలే. మీసం దువ్వుకుంటూ చూపించాను.

"ఒక్క మూలకణమైనా మిగల్చలేదేమయ్యా? ఇక కొత్త రక్తం ఎక్కణ్ణించి పుడుతుంది?" అని మేడమ్ గడ్డి పెట్టారు.

ఇంటికెళ్ళి మా ఆవిడ దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాను. టైపు, కుట్టుపని, ఫొటోగ్రఫీ అన్నీ మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన మొగుణ్ణి ఆమె ఎగాదిగా చూసింది.

"దానికంత దిగులెందుకు? మీ మేడమ్‌ని మనింటికి రమ్మనండి. ఏదో ఒకటి అవుతుందని పదిహేనేళ్ళుగా ఒక మూలకణాన్ని మేపుతున్నాను. ఇంకా అలాగే ఉంది."