ఇత్తడి అతుకు

యుద్ధం అయిపోయాక తాడేపల్లిగూడెం విమానాల మైదానంలో మిలిటరీ వాళ్లు వదిలేసిన ఇనుము చాలా ఏళ్లపాటు ఊళ్లో చేతులు మారుతూనే ఉంది. నాకు పెళ్లయిన రెండో ఏడు ఆ ఇనుములోంచి ఒక మోటారు సైకిలు మా పెరట్లోకి వచ్చింది. అప్పుడు నేను గూడెంలో ఒక రైసుమిల్లులో ఫిట్టర్ని. పాత ఇనుము కొట్లో దాన్ని తూకానికి కొని, ఒంటెద్దు బండి మీద వేయించుకుని తెచ్చాను. టైర్లు లేవు, సీటు లేదు. పెట్రోలు టాంకు అడుగున చిల్లులు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు ఎడమ కాలు ఇరుసుకి జానెడు పైన చిట్లి ఉంది.

మా ఆవిడకి అది వచ్చిన రోజునుంచీ భయమే. తనది కొల్లేటి లంక, చేపలు పట్టే ఇల్లు. పడవంటే తెలుసు, ఈ బండి తెలీదు. టాంకు చిల్లులకి సీసంతో మాటు వేసిన రోజు ఆ భయం నాకూ అంటుకుంది. ఖాళీ టాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరికి నిప్పు తగిలితే పేలుతుందని మిల్లులో అందరూ చెప్పేవారు. మూడుసార్లు వేణ్ణీళ్లతో కడిగి, టాంకు బోర్లించి చిల్లు కిందిదాకా నీళ్లు నింపి, ఎర్రగా కాల్చిన మాటుకత్తి పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి ముందుకు పోలేదు. తలుపు వెనకాల నిలబడి మా ఆవిడ, వద్దులెండి, అని మెల్లగా అంది. ఆ మాట వినబడ్డాకే కత్తి ఆనించాను. సీసం చుయ్‌మని కరిగింది, అంతే. నా చొక్కా మాత్రం వీపుకి అతుక్కుపోయింది.

కొత్త సామాను కొనే తాహతు లేదు కాబట్టి టైర్లూ సీటూ పాతవే వెతికి వేశాను, మిగతాది ఉన్నదాన్నే మలిచాను. విరిగిన ఇనప మంచం కోసి, పక్కన ఇంకొకరు కూర్చునేందుకు పక్కబండికి, అదే సైడుకారుకి, చట్రం చేశాను. దాని మీద పేము కుర్చీ బిగించాను. మూలపడ్డ రిక్షా చక్రం ఒకటి దానికి తగిలించాను. ఫోర్కు చిట్లిన చోట మాత్రం మిల్లు కొలిమిలో, అతుకు పట్టడానికి వెలిగారం చల్లి, ఇత్తడి కరిగించి అతికాను. అతుకు మెరుస్తూ వచ్చింది. ఆకురాయితో నున్నగా అరగదీశాను. చూసిన వాళ్లు మెచ్చుకున్నారు. లోపలిదాకా ఇత్తడి దిగిందో లేదో నాకు తెలీదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ వేసవిలో ఒక పొద్దున్న బావమరిది లంకనుంచి సైకిలు తొక్కుకుంటూ మిల్లుకి వచ్చాడు. మా మామగారికి వల దులుపుతుంటే జెల్ల చేప ముల్లు కుడిచేతి చూపుడువేలు మొదట్లో దిగిందట. నాలుగు రోజులు పసుపూ సున్నం కట్టారు, వేపాకు కాచి పోశారు. చెయ్యి మోచేతి దాకా వాచి, జ్వరంలో మాటలు తడబడుతున్నాయని చెప్పాడు. ఏలూరు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఎండలకి కొల్లేరు ఆ పక్క ఎండిపోయింది, పడవ నడవదు. ఎడ్లబండి మీద అయితే రోజంతా పడుతుంది.

మేమిద్దరం ఇంటికి వెళ్లి, మా ఆవిణ్ణి కూడా బండెక్కించుకుని బయల్దేరాం. గణపవరం దాటాక కంకర రోడ్డు అయిపోయింది, తర్వాత అంతా గట్లే. లంక చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. బండి దిగగానే అలవాటుగా ఫోర్కు మీద చెయ్యి వేశాను. వేలికి ఏదో గరుగ్గా తగిలింది. వంగి చూస్తే ఇత్తడి మీద వెంట్రుకంత గీత. పొద్దున్న ఆ గీత లేదు.

లోపలికి వెళ్లి మామగారిని చూశాను. చెయ్యి నల్లబడుతోంది. నన్ను గుర్తుపట్టి లేవబోయారు, చేతకాలేదు. మా అత్తగారు నా వంక చూస్తూ నిలబడ్డారు. ఇంటిల్లిపాదీ ఆ బండి ఉంది కదా అనే ధైర్యంతో ఉన్నారు. దానికి పగులుందని నేను చెప్పలేకపోయాను. చెబితే ఎడ్లబండి కడతారు, ఆయన దారిలోనే పోతారేమోనని భయం. చెప్పకపోతే గట్టు మీద చక్రం ఊడి ఆయన నా చేతుల మీదే పోతారేమోనని భయం. రెంటి మధ్యా నిలబడి మంచినీళ్లు అడిగాను.

తర్వాత బావమరిది చేత వెదురు బద్దలు నాలుగు చీల్పించి, ఫోర్కుకి చుట్టూ పెట్టి, తడిపిన వలతాడుతో బిగించి కట్టాను. ఎందుకు బావగారూ అని అడిగితే, జాగ్రత్తకి, అన్నాను. మామగారిని కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటితో కట్టాం. మా ఆవిడ నా వెనక ఎక్కింది. నువ్వు ఉండిపో అన్నాను. మా నాన్నని వదిలి ఉండనండీ, అంది. కాదనడానికి అసలు కారణం చెప్పాలి. ఊరుకున్నాను.

ఎండిన కొల్లేటి మట్టి నెర్రెలు విచ్చి ఉంది. చక్రం నెర్రెలో పడ్డప్పుడల్లా నా చెవి ఇంజను మీద లేదు, ఫోర్కు మీదే ఉంది. టిక్కుమన్నా, కిర్రుమన్నా బ్రేకు మీదికి కాలు పోయేది. పక్కన మామగారు కళ్లు మూసుకుని నీళ్లు ఎంతున్నాయి, వల తియ్యండ్రా అని ఎవరితోనో మాట్లాడుతున్నారు. నా భుజం మీద మా ఆవిడ చెయ్యి ఉంది. బండి గెంతినప్పుడల్లా ఆ వేళ్లు బిగుసుకునేవి. నెర్రెలు ఎక్కువైన చోట నడిచేవాడు మమ్మల్ని దాటిపోయేంత మెల్లగా పోనిచ్చాను.

సగం దారిలో ఒక కాలువ. దాని మీద తాటిదుంగల వంతెన. అక్కడ ఆపి మా ఆవిడని దిగి నడవమన్నాను. మామగారిని దించే వీలు లేదు. మొదటి గేరులో ఒక్కొక్క దుంగే ఎక్కించి దించాను. కిందనున్న బురదనీళ్లు చూడకూడదనుకున్నాను గాని చూశాను. అవతలి గట్టెక్కాక బండి ఆపి ముందు చక్రం దగ్గర వంగి చూశాను.

మా ఆవిడ వెనక నడిచి వచ్చి నా ముందు నిలబడింది. ముఖమంతా దుమ్ము.

"బండికి ఏదో ఉంది. ఇందాకటినుంచీ మీరు ముందు చక్రం వంకే చూస్తున్నారు. చెప్పండి."

చెప్పాను. అతుకు పగిలిందని, లంకలోనే చూశానని, చెప్పకుండా తీసుకొచ్చానని. తను తండ్రి వంక చూసింది. ఆయన ఇంకా వల గురించే మాట్లాడుతున్నారు.

"మా అమ్మకి చెప్పి ఉండాల్సింది," అంది. తర్వాత, "ఇక ఇక్కడ నిలబడి ఏం చేస్తాం, పోనివ్వండి," అని ఎక్కి కూర్చుంది. ఈసారి తను కూడా నా భుజం మీదుగా వంగి ముందు చక్రం వంకే చూస్తూ కూర్చుంది. నా భయం దించుకుందామని చెబితే ఇద్దరికీ అయింది, అంతే.

మూడుగంటల వేళకి ఏలూరు చేరాం. డాక్టరు చెయ్యి చూసి, రేపటికైతే ఏమీ చేయలేకపోయేవాణ్ణి అన్నారు. పెన్సిలిన్ సూదులు మొదలుపెట్టారు. మూడోరోజు చూపుడువేలు తీసేశారు. ప్రాణం నిలిచింది.

మొదటిరోజు సాయంత్రమే ఆసుపత్రి గోడ పక్కన కూర్చుని వలతాడు విప్పి చూశాను. పగులు ఉన్నచోటే ఉంది, ఒక్క నూలుపోగంత కూడా పెరగలేదు. నేను సంతోషించాల్సింది. సంతోషం రాలేదు, తాడు మళ్లీ అలాగే చుట్టి కట్టేశాను.

మూడువారాలకి మామగారు కోలుకున్నారు. ఇంటికి కూడా ఆ బండి మీదే వెళదామన్నారు. నాకిక దాచడం చేతకాలేదు, ఉన్నదంతా చెప్పేశాను. మెచ్చుకుంటారని కాదు గాని, క్షమిస్తారనుకున్నాను. ఆయన కట్టుకట్టిన చేతి వంక చూసుకుంటూ కూర్చున్నారు.

"నా సంగతి సరేనండీ. చావబోతున్నవాణ్ణి. మా అమ్మాయిని వెనకాల ఎక్కించుకున్నారు," అన్నారు.

ఆయన ఎడ్లబండి కట్టించుకుని వెళ్లిపోయారు. తర్వాత నాతో మాట్లాడలేదు. మేము లంకకి వెళితే కుశలం కూడా మా ఆవిడనే అడిగేవారు. నేను పక్కబండి ఊడదీశాను, ఫోర్కు పాత ఇనుములోకి వేశాను. ఇంజన్ని ఉండి అనే ఊరి దగ్గర ఒక రైతు చేనుకి నీళ్లు తోడుకోవడానికి పట్టుకుపోయాడు.

వానలు పడి కొల్లేరు నిండాక ఒకరోజు మధ్యాహ్నం మామగారు చేపలబుట్టతో గూడెం వచ్చారు. పెరటి వంక చూసి, బండేదండీ అల్లుడుగారూ, అని అడిగారు. తీసేశానండీ, అన్నాను. మంచిపని చేశారు, అన్నారు. మా ఆవిడ ఇద్దరికీ పక్కపక్కనే పీటలు వేసింది. వేలు లేని చేత్తో ముద్ద కలపడం ఆయనకింకా అలవాటు కాలేదు, మెతుకులు విస్తట్లోకి జారిపోతున్నాయి. నేను మజ్జిగ తెస్తానని లేచి వంటింట్లోకి వెళ్లి, అక్కడే కాసేపు నిలబడిపోయాను.